ఆదివారం దాకా ఆగని జాజు

మొన్న మంగళవారం పొద్దున మందుల దుకాణం షట్టరు ఎత్తుతుండగానే ఫోను మోగింది. మా పల్లె నుంచి జాజవ్వ కొడుకు. “అన్నా, అమ్మ పోయింది. కాఫీ ఇస్తామని లేపితే లేయలేదు. మధ్యాన్నం ఎత్తుతాము, నువ్వు రావాల” అన్నాడు.

ఎత్తిన షట్టరు మళ్ళీ దించేశాను. కర్ణాటక సరిహద్దు ఊరు వై.ఎన్.హొసకోటలో ముప్పై ఏళ్ళకు పైగా దుకాణం నడుపుతున్నాను. ఎవరి చావుకూ పొద్దున పూట మూసింది లేదు. పక్క టీ అంగడాయన “ఎవరన్నా, సొంతమా?” అని అడిగాడు. ఒకప్పుడు ఆమె గుమ్మం ముందు నిలబడి వీధి వీధంతా వినేలా తిట్టినవాణ్ణి. “సొంతమే” అన్నాను.

మా పల్లె మంగళవాడ దగ్గర. జాజవ్వ ఇల్లు మా ఇంటికి నాలుగు గడపల అవతల. కుండలు చేసే ఇంటికి ఆమె కోడలుగా వచ్చింది. ఆ ఇంటి ఆడవాళ్ళకు ఒక విద్య ఉండేది, సర్పి లేచినవాళ్ళకు జాజు గీయడం. సర్పి అంటే ఎరుగనివారి కోసం చెబుతున్నాను. ఒంటికి ఒకే పక్కన, నడుము మీదనో రొమ్ము మీదనో ముఖం మీదనో, నిప్పు పెట్టినట్టు మంట పుట్టి, నీటి పొక్కులు బారుగా లేచే జబ్బు. కన్నడంలో సర్పసుత్తు అంటారు. పాము చుట్టుకున్నట్టు పాకుతుందని, తలా తోకా కలిస్తే మనిషి దక్కడని జనానికి భయం. జాజు అంటే గోడలకు పూసే ఎర్రమన్నే. జాజవ్వ దాన్ని రాతి మీద నీళ్ళతో అరగదీసి పొక్కుల మీద పూసి, చుట్టూ ఒక పామును, పాము తలకు ఎదురుగా ఒక సింహాన్ని గీసేది. ఆ సింహం ఎప్పుడూ పిల్లి మాదిరే వచ్చేది. ఎవరైనా ఆ మాట అంటే, “అది పిల్లని నీకు తెలుసు, నాకు తెలుసు. పాముకు తెలీదులే” అనేది.

ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు, తమలపాకు కూడా. గీసేటప్పుడు మాత్రం నోరు ఊరుకోదు. “ఏమప్పా, ఇంత మంట పెట్టుకుని చేనికి పోయినావా? చేను నీకు ఏడ్చిందా?” అని తిడుతూనే గీసేది. తిట్లు తింటూనే మనుషులు కుదుటపడేవాళ్ళు.

అత్త నేర్పిన నియమాలు మూడు ఆమెకు. ఆదివారం, గురువారం తప్ప మరో నాడు గీయకూడదు. పొద్దు పొడవకముందే గీయాలి. జాజు పడేదాకా రోగికి వేరే మందు తగలకూడదు. ఈ మూడూ మా ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు.

ఇక నా సంగతి. తొంభైల మొదట్లో మాట. వరసగా వానలు మొహం చాటేసిన కాలం. వేరుశెనగ తప్ప ఇంకేదీ నమ్ముకోలేని నేలలు మావి, ఆ కాయ కూడా గింజ కట్టక లొట్టపోయేది. నేను ఫార్మసీ డిప్లొమా ముగించి అప్పుడే దుకాణం తెరిచాను. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, నోటి నిండా మందుల పేర్లు. మా పల్లెలో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదని నా గట్టి నమ్మకం.

ఆ ఏడు ఒక ఆదివారం మధ్యాహ్నం, పీకిన వేరుశెనగ చెట్ల నుంచి కాయలు తెంపుతూ ఉండగా మా అమ్మకు నుదుటి మీద కుడిపక్క పొక్కులు లేచాయి. అంతకు రెండు రోజుల ముందు నుంచే ఆ పక్క తల పగిలిపోతోందని అంటూ ఉంది. ఎండకనుకున్నాం. ఆ ఆదివారం పొద్దు ఎలాగూ దాటిపోయింది. ఇక గురువారం దాకా ఆగాలి.

సోమవారం నేను వెళ్ళి చూశాను. పూత మందు తీస్తే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. “జాజు పడేదాంకా ఏమీ తగలకూడదురా” అంది. తలనొప్పి మాత్ర మాత్రం ఎలాగో మింగించాను. నేనూ పెద్దగా పట్టుబట్టలేదు. వైరస్ జబ్బులకు మందు లేదని, దానంతట అది తగ్గాల్సిందేనని క్లాసులో విన్నాను. అది వేదం అనుకున్నాను. గురువారం తెల్లవారి జాజవ్వ గీసింది. శుక్రవారం అమ్మ కుడికన్ను తెరుచుకోలేదు. శనివారం మా తాలూకా ఊరు పావగడకు తీసుకుపోయాను.

అక్కడి డాక్టరు కన్నడాయన, ముక్కుసూటి మనిషి. అమ్మ ముక్కు కొన మీద ఉన్న ఒక్క పొక్కును నాకు వేలితో చూపించాడు. “ఇక్కడ లేచిందంటే కంటికి అపాయం. మందుల అంగడి పెట్టుకున్నావు, ఎసైక్లోవిర్ పేరు వినలేదా? మన దేశానికి వచ్చి కొన్నేళ్ళయింది. మూడు రోజుల లోపల మొదలుపెట్టి ఉంటే ఈ కంటి మీద ఆశ ఉండేది” అన్నాడు. మందు మొదలుపెట్టాం. బెంగళూరు కూడా తిరిగాం. పొక్కులు మాడాయి, మంట నెలల తరబడి సాగి తగ్గింది, కానీ నల్లగుడ్డు మీద తెల్లటి పొర నిలిచిపోయింది. వెలుగూ చీకటీ తప్ప ఆ కంటికి ఇంకేమీ తెలియకుండా పోయింది.

నా తప్పును నేను మోయలేక దాన్ని తీసుకుపోయి జాజవ్వ గుమ్మం ముందు దించాను. “నీ గురువారం మా అమ్మ కన్ను తీసింది. మూడు దినాల్లో మందు పడాల్సింది. నీ ఎర్రమన్ను కోసం ఆపుకుని కూచున్నాం” అని అరిచాను. ఇంకా చాలా అన్నాను. అవి రాయను. ఆమె చేతిలో జాజు రాయి అలాగే ఉంది. నేను అలిసిపోయి ఆగాక అడిగింది.

“ఆ మూడు దినాలు ఎప్పటినుంచి లెక్కప్పా? మంట పుట్టినప్పటి నుంచా, పొక్కు లేసినప్పటి నుంచా?”

నాకు తెలియదు. డాక్టరును అడగాలని కూడా తోచలేదు. అంత అరిచినవాణ్ణి నోరు మూసుకుని ఇంటికి వచ్చేశాను.

నాలుగు రోజుల తర్వాత ఆమె బస్సెక్కి హొసకోట వచ్చి నా దుకాణం ముందు నిలబడింది. “కనుక్కున్నావా?” అంది. లేదన్నాను. “అయితే నన్ను ఆ డాక్టరు తావుకు పిలుచుకుని పో. నేనే అడుగుతా” అంది. కాదనడానికి మొహం చెల్లలేదు.

పావగడలో వరసలో గంటన్నర కూర్చున్నాం. తన వంతు రాగానే అదే ప్రశ్న కన్నడంలో అడిగింది. డాక్టరు చదువుతున్న చీటీ పక్కన పెట్టి ఆమెను తేరిపార చూశాడు. “పొక్కు లేచినప్పటి నుంచి. ఇది అడగాలని నీకెట్ల తోచింది?” అన్నాడు. “ముందు మంట పుడతాది సామీ. రెండు మూడు దినాలకు గానీ పొక్కు కనపడదు. మంట నుంచి లెక్కయితే ఎవురికీ మందు అందదు. పొక్కు నుంచి అయితే అందుతాది” అంది.

ఆ పూట డాక్టరు ఆమెకు చెప్పింది నేను కాలేజీలో కూడా వినలేదు. కొన్ని రకాల క్రిములకు సొంత ఇల్లు, సొంత పొయ్యి ఉంటాయట. వాటిని చంపే మందులు బోలెడు. వైరస్ అట్లా కాదు. మన ఇంట్లోనే దూరి, మన పొయ్యి మీదే వండుకుని సంతానాన్ని పెంచుకుంటుంది. దాని పొయ్యి ఆర్పబోతే మనదీ ఆరిపోతుంది. అందుకే దానికి మందు కనిపెట్టడం అంత కష్టమైంది. ఈ మందు గొప్పతనం ఏమిటంటే, వైరస్ దూరిన గదిలో మాత్రమే అది పని మొదలుపెడుతుంది. కొత్తగా పిల్లలు పుట్టకుండా ఆపుతుంది.

“మరి ఉండేది చస్తాదా?” అని అడిగింది జాజవ్వ.

“చావదు. నరం లోపలికి పోయి పండుకుంటుంది. చిన్నప్పుడు నీకు చిన్నమ్మవారు, అదే ఆటలమ్మ, పోసిందా? పొక్కులు మాడినాక జబ్బు పోయిందనుకుంటాం. అది పోలేదు. అప్పటి నుంచి నరంలో పండుకునే ఉంది. వయసు మళ్ళి ఒళ్ళు నీరసించినప్పుడు సర్పి మాదిరి లేస్తుంది.”

“తుంగ మాదిరి సామీ. పైన పీకితే పోయినట్లే ఉంటాది. గడ్డ లోపలనే ఉంటాది. సెనక్కాయ చెట్టు వేరు తెగకుండా ఆ గడ్డ తీసేది ఎట్ల?” అంది. డాక్టరు నవ్వి, “అది తెలిస్తే నాకు చెప్పు, ప్రపంచానికంతా చెబుదాం” అన్నాడు. పొక్కుల మీద మన్ను పూస్తే చీము పట్టే ప్రమాదం ఉందని కూడా చెప్పాడు.

పది రోజులు జాజు ముట్టలేదట. ఆ తర్వాత ఒక బుధవారం, అదీ ఎండ ఎక్కాక, నడుముకు సర్పి లేచిన ఒక రైతు వస్తే గీసింది. బుధవారం జాజు గీయడం మా ఊరు చూడటం అదే మొదలు. ఒంటి మీద కాదు, వాకిట్లో గోడ మీద గీసింది, పామునూ ఆ పిల్లి లాంటి సింహాన్నీ. “ఈ పామే నీ సర్పి. మందు మింగినప్పుడల్లా మీ ఇంటి గోడ మీద దీనికి ఒక గీత కొట్టు. దినానికి అయిదు, ఏడు దినాలు. ముప్పై అయిదు గీతలు పడకుంటే పాము లేసి మళ్ళా వస్తాది” అని, ఇంత జాజు పొట్లం కట్టిచ్చి నా దగ్గరికి పంపింది. నేను వాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను.

మా వాళ్ళకు గడియారం చూసి మందు మింగే అలవాటు లేదు. మంట కాస్త తగ్గితే మూడో నాడే మాత్రలు గూట్లో పెట్టేస్తారు. నా చీటీ మీద ఎన్ని రాసినా అంతే. ఆ గీతలు వచ్చాక మాత్రలు ఖాళీ కావడం నా కళ్ళారా చూశాను. ఒక ముసలాయన మాత్రం పామును తొందరగా చంపుదామని ముప్పై అయిదు గీతలూ ఒకే పూట గీసేశాడు. జాజవ్వ వాళ్ళింటికి పోయి గూట్లోని మాత్రలు లెక్కపెట్టి, “గీత మింగినావా, మందు మింగినావా?” అని నిలదీసింది. ఆయన మిగతా మందంతా జాజవ్వ పంపిన ఆమె మనవరాలి ఎదుటే మింగాల్సి వచ్చింది.

“పాము వస్తాదని చెప్పేది అబద్ధం కదా అవ్వా?” అని ఒకసారి అడిగాను. “నీ చీటీకి ఎవురూ భయపడరప్పా. పాముకు భయపడతారు” అంది. నీ జాజులో గుణం ఉందా అని కూడా అడిగాను, కాస్త ఎత్తిపొడుపుగానే. ఆమె కోపగించుకోలేదు. “నాకేం తెలుసు? మంటతో వచ్చినోడు, ఎవురో ఒకరు దగ్గర కూచోని పని చేస్తే ఊపిరి పీల్చుకుంటాడు. అది మాత్రం చూసినాను” అంది.

అయితే ఇదంతా ఆమెకు ఊరికే జరగలేదు. ఆదివారం మర్యాద తప్పిన ఇంటి చెయ్యి చెడిందని బంధువులు అన్నారు. పాత నియమం మీద నమ్మకం ఉన్నవాళ్ళు వేరే ఊళ్ళకు పోయారు. సొంత మరిది రెండేళ్ళు ఆ గడప తొక్కలేదు. “అత్త చెప్పింది మార్చేదానికి నువ్వెవురు?” అని పది మందిలో అడిగితే, “ఒక కన్ను పోయినాది నా చేతిలో. ఇంగొకటి పోయేదానికన్నా ఈ చెయ్యి చెడిపోయేదే మేలు” అందట. ఆ మాట నాకు మా అమ్మే చెప్పింది. చెబుతూ ఏడ్చింది.

మా అమ్మ ఆమెను ఏనాడూ ఒక్క మాట అనలేదు. బొంతలు కుట్టడం అమ్మకు ఇష్టం. కన్ను పోయాక సూదిలో దారం ఎక్కేది కాదు. జాజవ్వ వారానికొకసారి వచ్చి, పదీ పన్నెండు సూదులకు దారం ఎక్కించి, ఒక గుడ్డపేలికకు వరసగా గుచ్చిపెట్టి పోయేది. క్షమించమని ఆమె అడిగినట్టు గానీ, అమ్మ క్షమించినట్టు గానీ నేను వినలేదు. అమ్మ పోయేదాకా ఆ సూదులు ఏ వారమూ తప్పలేదు.

నా దుకాణానికి ఎప్పుడొచ్చినా ఆమెకు ఒకటే ప్రశ్న. “గడ్డ తీసే మందు వచ్చిందాప్పా?” ఏళ్ళ తరబడి “ఇంకా లేదవ్వా” అనే చెప్పాను. ఎయిడ్స్‌కు రోజూ మింగే మాత్రలు వచ్చాయని, ఆ వైరస్‌ను పూర్తిగా తీయలేకపోయినా అణచి ఉంచి మనిషిని నిండా బతకనిస్తాయని చెప్పినప్పుడు, “అంటే దినం దినం కలుపు తీసే సేద్యమే కదా. పర్వాలేదు, పంట దక్కుతాది” అంది. తర్వాత మరోసారి, కాలేయానికి పట్టే ఒక రకం వైరస్ కొన్ని వారాల మాత్రలతో చాలామందిలో ఒంట్లోంచి పూర్తిగా పోతోందని చెప్పాను. ఆ రోజు ఆమె మొహం చూడాలి. నేనే కనిపెట్టినట్టు నా భుజం తట్టింది. “ఒకదాని గడ్డ తీసినారు. ఇంగ దీనిది కూడా తీస్తారులే” అంది. సర్పి రాకుండా టీకా వచ్చిందంటే మాత్రం, “అది మీలాంటోళ్ళు వేయించుకోండి. నేను వచ్చినోళ్ళను చూసుకుంటా” అని తీసిపారేసింది.

వైరస్ జబ్బులు నయమవుతాయా అని నన్ను ఇప్పుడు కూడా చాలామంది అడుగుతారు. కొన్ని నయమవుతాయి, కొన్ని అణుగుతాయి, కొన్నింటికి ఇంకా ఏమీ లేదు, కానీ ఉన్న మందు వేళకు పడకపోతే అది లేనట్టే అని చెబుతాను. నా చదువు కంటే ఈ జవాబులో ఆమె పాలే ఎక్కువ.

మంగళవారం నేను పల్లె చేరేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. పెద్ద కొడుకు భార్య తల దగ్గర కూర్చుని ఉంది. అత్త దగ్గర జాజు నేర్చింది ఆ కోడలే. నీళ్ళు పోయడానికి కాగులు కడుగుతున్నారు. అప్పుడు అరసికెరె వైపు నుంచి వచ్చిన ఒకావిడ, కొంగుతో సగం ముఖం కప్పుకుని, వీధి మలుపులో ఆగిపోయింది. జనాన్నీ శవాన్నీ చూసి ఆమెకు విషయం అర్థమైంది. ఎవరో పెద్దాయన పోయి, “అవ్వ లేదమ్మా. ఇంటికి సూతకం. పదకొండు దినాలు పోనీ, అప్పుడు రా” అన్నాడు. ఆవిడ తల ఊపి వెనక్కి తిరిగింది. నేను అవన్నీ చూస్తూనే ఉన్నాను. దుఃఖంలో ఉన్నాను కాబోలు, ఒక్క అడుగూ వేయలేదు.

కోడలు శవం దగ్గర నుంచి లేచింది. “అమ్మా, నిలబడు” అని కేకేసి, పోయి ఆ కొంగు తీసి చూసింది. నుదుటి మీద ఎడమ పక్క పొక్కులు, ముక్కు కొన మీద ఒకటి. “ఎప్పుడు లేసినాయి?” “నిన్న సాయంత్రం.” కోడలు ఇంటి వైపు తిరిగింది. పెద్దాయన అడ్డం వచ్చాడు. “శవం ఇంట్లో పెట్టుకుని జాజు ముడతావా?” అన్నాడు.

“మా అత్త ఆదివారం దాంకా ఆగలేదు మామా. నేను పదకొండు దినాలు ఆగాల్నా?”

ఆమె చేతులు కడుక్కుని, జాజు తడిపి, వీధి గోడ మీద పామును గీసి, గీతల లెక్క చెప్పి, ఆవిడకు జాజు పొట్లం కట్టిచ్చింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, “అన్నా, నువ్వు ఈమెను పిలుచుకుని పో” అంది. నా దుకాణంలో ఇప్పుడు ఆ మందుకు కొదవ లేదు, కానీ కన్ను డాక్టరే చూడాలి. “మన్ను వేసి పోతానమ్మా” అన్నాను. “మన్ను వేసేటోళ్ళు చానా మంది ఉండారు. లేయన్నా” అంది.

లేచాను. అవ్వ పాదాలకు దండం పెట్టి బండి తీశాను. దారిలో వెనక నుంచి ఆవిడ భయంభయంగా అడిగింది. “సూతకంలో గీసినారు కదన్నా, పని చేస్తాదా?” ముప్పై ఏళ్ళ కిందటైతే ఆమెకు ఒక పాఠం చెప్పి ఉందును. “చేస్తుందమ్మా. ముప్పై అయిదు గీతలూ కొట్టు” అన్నాను.

పావగడలో కళ్ళ డాక్టరమ్మ దీపం పెట్టి చూసింది, ఒక్కో కన్ను మూయించి గోడ మీది అక్షరాలు చదివించింది. కంటి లోపలికి ఇంకా ఏమీ పాకలేదని, వేళకు వచ్చారని చెప్పింది. బయట కుళాయి దగ్గర ఆవిడ మొదటి మోతాదు మింగింది. అప్పుడే ఫోను వచ్చింది. “అమ్మను దించినామన్నా” అన్నాడు కొడుకు. కాసేపు అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. సిగ్గుపడలేదు.

బస్టాండులో ఆవిడను దింపి వెనక్కి తిరిగి చూశాను. ఆగి ఉన్న బస్సు ముందు నిలబడి, బాగున్న కంటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని, పొక్కుల కింది కంటితో, బోర్డు మీది కన్నడ అక్షరాలను ఒక్కొక్కటే పైకి చదువుకుంటోంది.